పైప్ ఆర్గన్ గురించి చదవాలంటే ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

పైప్ ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి పంపి మెట్లతో వాయించే పెద్ద వాద్యం. దాన్ని ఎలా కడతారో, దానికోసం ఎవరేం సంగీతం రాశారో, ఎవరు వాయించారో చెప్పే పుస్తకాలు కావాలి, ముందు ఏది చదవాలి అని అడిగారు. కట్టడం గురించిన పుస్తకంతో మొదలుపెట్టండి, అదీ బొమ్మలున్నదాంతో. సంగీతం, వాయించినవాళ్ల కథలు ఆ తర్వాత. నేను సరైన పుస్తకాన్నే తప్పు సమయంలో తెరిచి ఏడాది పోగొట్టుకున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను మెటలర్జీ చదివాను. ఆర్గన్ అనే మాట మొదట చూసింది కూడా లోహాల పాఠంలోనే. మామూలు తెల్ల తగరం దాదాపు 13 డిగ్రీల కంటే చల్లగా చాలాకాలం ఉంటే బూడిదరంగు పొడిగా మారిపోవచ్చు. దీన్ని టిన్ పెస్ట్ అంటారు. చలిదేశాల చర్చిల్లో ఆర్గన్ గొట్టాలు అలా పాడైన సంగతి ఉదాహరణగా ఇచ్చారు. పరీక్ష రాసి మర్చిపోయాను. తర్వాత ఎమ్మెస్‌కి జర్మనీలోని ఫ్రైబెర్గ్ వెళ్లాను. ఒకప్పటి వెండి గనుల ఊరు. అక్కడి కేథడ్రల్‌లో గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మాన్ 1714లో పూర్తి చేసిన ఆర్గన్ ఉంది. చేతులకు మూడు వరసల మెట్లు, కాళ్లకు పెడల్, 44 స్టాపులు. ఒక్కో స్టాపు లాగితే ఒక్కో రకం గొట్టాల వరస పలుకుతుంది. ఒక వేసవి సాయంత్రం స్నేహితుడు లాక్కెళితే కచేరీకి వెళ్లాను. పెడల్‌లో అన్నిటికన్నా కింది స్వరం పలికినప్పుడు అది చెవికంటే ముందు కూర్చున్న బల్లకి తెలిసింది. చెక్క సన్నగా వణికింది.

ఆ ఊపులో ఆడ్‌స్లీ రాసిన 'ది ఆర్ట్ ఆఫ్ ఆర్గన్ బిల్డింగ్' తెప్పించుకున్నాను. 1905 నాటి పుస్తకం, రెండు సంపుటాలు, వెయ్యికి పైగా పేజీలు. ఆయన వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్, గీతలు చూస్తే కళ్లు చెదురుతాయి. కానీ స్టాపుల పేర్లు, కొలతలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడుతుంటే నాకు ఊపిరాడలేదు. పక్కన పెట్టేశాను.

మళ్లీ దారిలో పడింది ఒక గొట్టం వల్ల. కేథడ్రల్ చూపించే ఆవిడ మా గుంపుకి చూపడానికి ఒక పాత చిన్న గొట్టం తెచ్చి నా చేతికిచ్చారు. చూపుడు వేలంత ఉంది. కింద సన్నని పాదం, దానిపైన అడ్డంగా కోసిన నోరు, నోటికి రెండు పెదాలు. లోపల ఒక పలక, దాని అంచుకీ కింది పెదవికీ మధ్య సన్నని సందు. గాలి ఆ సందులోంచి వచ్చి పై పెదవికి తగిలి పలుకుతుంది. అంటే మన పిల్లనగ్రోవి, ఈల ఏ పద్ధతో ఇదీ అదే. నోటితో మెల్లగా ఊదితే శుభ్రంగా పలికింది, గట్టిగా ఊదితే స్వరం గెంతి పైకెళ్లింది. పైన చుక్కలు చుక్కలుగా మచ్చలు ఉన్నాయి. తగరం, సీసం సుమారు సగం సగం కలిపితే చల్లారేటప్పుడు అలా వస్తుంది. ల్యాబ్‌లో చూసినదే! ఆ మచ్చలు చూశాక ఇది నా విషయం కూడా అనిపించింది.

అందుకే నేను మొదట చెప్పేది డోమ్ బెడోస్ పుస్తకం, 'లార్ దు ఫాక్తర్ దోర్గ్'. ఆయన ఫ్రాన్స్‌లో బెనెడిక్టైన్ సన్యాసి, స్వయంగా ఆర్గన్లు కట్టినవాడు. 1766 నుంచి 1778 దాకా భాగాలుగా అచ్చయింది. స్కాన్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఇంగ్లిష్ అనువాదం కూడా ఉంది. ఫ్రెంచ్ రాకపోయినా ఫరవాలేదు, బొమ్మలే చాలా చెబుతాయి. కరిగిన లోహాన్ని పొడవాటి బల్ల మీద పలచని రేకుగా పోయడం, ఆ రేకుని చుట్టి అతకడం, తిత్తులు, మెట్టు నొక్కితే గాలిపెట్టెలో మూత తెరుచుకునే అమరిక, అన్నీ పనిముట్లతో సహా గీశారు. వారం రోజులు ఆ బొమ్మలు చూడండి చాలు.

అప్పుడు లెక్కలు వాటంతటవే అర్థమవుతాయి. పియానో నడుమ ఉండే సి స్వరానికి రెండు స్థాయిలు కింద ఉండే సి స్వరానికి, రెండు వైపులా తెరిచిన గొట్టమైతే ఎనిమిది అడుగులు ఉండాలి. పైన మూసేస్తే సగం పొడవే చాలు. ఒక్కో స్థాయి పైకి వెళ్లేకొద్దీ, అంటే ప్రతి పన్నెండు మెట్లకి పొడవు సగమవుతుంది. వెడల్పు కూడా అలాగే సగం చేసుకుంటూ పోతే పై స్వరాలు బక్కచిక్కిపోతాయి. అందుకే వెడల్పుని సుమారు పదహారు పదిహేడు మెట్లకి సగం చేస్తారు. పనివాళ్ల చేతికి తెలిసిన ఈ సంగతిని 19వ శతాబ్దంలో టోప్ఫర్ అనే జర్మన్ లెక్కల్లో పెట్టాడు. ఇక్కడిదాకా వచ్చాక ఆడ్‌స్లీని తెరవండి, అప్పుడు ఆ పుస్తకం నిజంగా నిధి.

చరిత్రకి పీటర్ విలియమ్స్ 'ఎ న్యూ హిస్టరీ ఆఫ్ ది ఆర్గన్', 1980. క్రీస్తుకు పూర్వం అలెగ్జాండ్రియాలో నీటి బరువుతో గాలిని నిలకడగా ఉంచిన వాద్యం దగ్గర్నుంచి మొదలవుతుంది. జర్మన్ సంగీతకర్త బాఖ్ రచనలకీ ఆయనే, 'ది ఆర్గన్ మ్యూజిక్ ఆఫ్ జె. ఎస్. బాఖ్', 2003 నాటి రెండో ముద్రణ తీసుకోండి. ఇది ఏకబిగిన చదివేది కాదు, ఒక రచన విన్నాక దాని పేజీలు చూసుకునేది. డి మైనర్ టొకాటా అనే బాగా పేరున్న ఆర్గన్ రచన అసలు బాఖ్ రాసిందేనా అని గట్టిగా అనుమానం లేవనెత్తినవాళ్లలో ఈయన ముఖ్యుడు.

వాయించినవాళ్ల గురించైతే క్రెయిగ్ విట్నీ 'ఆల్ ది స్టాప్స్', 2003. అమెరికాలో బిగ్స్, వర్జిల్ ఫాక్స్ ఇద్దరి పోటీ నవలలా సాగుతుంది. మనసుకి దగ్గరైంది మాత్రం రోలిన్ స్మిత్ రాసిన లూయీ వియెర్న్ పుస్తకం. పుట్టుకతోనే చూపు దాదాపు లేని వియెర్న్ పారిస్‌లోని నోత్ర్ దామ్ కేథడ్రల్‌లో 1900 నుంచి వాయించాడు, 1937లో కచేరీ మధ్యలో ఆ ఆర్గన్ దగ్గరే కన్నుమూశాడు. అందులో ఆయన సొంత జ్ఞాపకాలు అనువాదంగా ఉన్నాయి, మెల్లగా చదవండి.

ఇంట్లో తాతగారి హార్మోనియం ఉందని రాశారు. ఈ వారమే దాని పై చెక్క తీసి చూడండి. గొట్టాలుండవు, ఇత్తడి రీడ్లు కనిపిస్తాయి. కానీ తిత్తి, గాలిపెట్టె, ముందున్న స్టాపులు, మెట్టు నొక్కగానే లేచే మూత అన్నీ అక్కడే ఉన్నాయి. దాన్ని పక్కన పెట్టుకుని బెడోస్ బొమ్మలు తెరవండి.