నడక ఒక్కటే చాలుతుందా?

ప్రశ్న: నా వయసు 71 ఏళ్లు, బరువు 55 కిలోలు. పదేళ్లుగా రోజూ తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి ముప్పావు గంట నడుస్తున్నాను. రక్తపోటుకు మాత్ర వేసుకుంటాను. షుగరు గానీ కిడ్నీ జబ్బు గానీ లేవు. అయినా కొన్నాళ్లుగా పూజ దగ్గర పీట మీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోతున్నాను. కిందటి నెల అర్ధరాత్రి బాత్‌రూముకు లేచి, తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాను. నడక ఇంకా పెంచాలా? ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేయాలని కోరిక.
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ నడకకు వంక పెట్టవలసిందేమీ లేదు, మానవద్దు, పెంచనూ అక్కరలేదు. 65 ఏళ్లు దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది, మీరు ఆ లెక్క ఎప్పుడో దాటారు. అయితే అదే సూచనలో, వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, కనీసం మూడు రోజులు నిలకడను పెంచే అభ్యాసం కూడా ఉండాలని ఉంది. మనవాళ్లు మొదటి సగం చదివి బూట్లు కొనుక్కుంటారు.

చదునైన రోడ్డు మీద నడిచేటప్పుడు తొడ కండరాలు శరీరం బరువును పైకి ఎత్తవలసిన పని పెద్దగా ఉండదు. అడగని బలాన్ని కండరం దాచిపెట్టుకోదు. పైగా వయసుతో ముందుగా సన్నబడేవి వేగంగా స్పందించే కండర తంతువులు. కాలు జారినప్పుడు మనల్ని క్షణంలో నిలబెట్టేవి అవే.

చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేసుకుని, పక్కన ఒకరిని ఉంచుకుని, చేతులు రొమ్ము మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. మీ వయసు స్త్రీలలో ఆ సంఖ్య పదికి తగ్గితే, పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. మందు కూడా ఆ కుర్చీలోనే ఉంది. ఎనిమిది సార్లు లేచి కూర్చుని, కాస్త ఆగి, మరో ఎనిమిది సార్లు, రోజు విడిచి రోజు చేయండి. ఇందులో లేవడం కన్నా కూర్చోవడం ముఖ్యం: మనసులో నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. చాలామంది "అమ్మయ్య" అంటూ కూలబడతారు, సగం వ్యాయామం అక్కడే పోతుంది. తేలికైపోయాక కిలో కందిపప్పు పొట్లాన్ని గుండెకు హత్తుకుని చేయండి. నిలకడ కోసం వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించండి. తరువాత ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనించి పది సెకన్లు నిలబడండి. తూలుతున్నంత కాలం మెత్తని ఇసుకలో నడవకండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆపాలి.

కండరానికి ముడిసరుకు మాంసకృత్తులు. కిడ్నీలు బాగున్న మీ వయసువారికి కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు, అంటే మీకు రోజుకు 55 నుంచి 66 గ్రాములు కావాలి. గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాములు ఉంటాయి. హార్బరులో దొరికే కానాగంతలు వంజరానికి ఏమాత్రం తీసిపోవు. శాకాహారులైతే పప్పు, పెరుగు, సెనగలు మూడు పూటలా పడాలి. రాత్రి చారన్నంతో సరిపెట్టుకునే అలవాటు ఉంటే మానండి.

అర్ధరాత్రి తూలడం మాత్రం వేరే సంగతి కావచ్చు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల లోపు మరోసారి రక్తపోటు చూపించుకోండి. నిలబడ్డాక పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ, లేదా అంతకన్నా ఎక్కువ తగ్గితే మీ డాక్టరు మాత్ర మోతాదునో, వేళనో మార్చవలసి రావచ్చు. మీ అంతట మీరు మానవద్దు. నిద్ర మాత్ర ఏదైనా వేసుకుంటుంటే అదీ చెప్పండి. అప్పటిదాకా మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, దీపం వేసుకుని లేవండి, బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి.

ఇక గిరి ప్రదక్షిణ. అది 32 కిలోమీటర్లు. మీ రోజువారీ నడకకు సుమారు పదింతలు. స్వామి మీద భక్తి ఉన్నవారితో ఈ మాట అనడం నాకూ కష్టమే గానీ, ఈ ఆషాఢానికి ఆగండి. ఆ కుర్చీ లెక్క పన్నెండు దాటి, రాత్రిపూట తూలడం తగ్గిన తరువాత నాకు మళ్లీ రాయండి, నెలనెలా దూరం ఎలా పెంచుకోవాలో అప్పుడు చెబుతాను.