కనుమదారిలో సైకిలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో కొండదారుల్లో రోజుల తరబడి సైకిలు తొక్కడం గురించినవే ఎక్కువగా ఉన్నాయి. ఒకే రకం సందేహాలను కలిపివేసి నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మేము నలుగురం ఉపాధ్యాయులం. మూడేళ్లుగా తెల్లవారుజామున జాతీయ రహదారిపై రోజూ 40 కిలోమీటర్లు తొక్కుతున్నాము. వచ్చే ఆగస్టులో మనాలి నుంచి లేహ్ వరకు సైకిళ్లపై వెళ్లాలని సంకల్పించాము. మా చుట్టుపక్కల రైలు పట్టాల మీది వంతెన తప్ప ఎత్తు అన్నదే లేదు. ఎలాంటి సైకిలు కొనాలి? సాధన ఎలా చేయాలి?
— ఒక తెలుగు ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: సైకిలు సంగతి మీరు ముందు అడిగారు కనుక నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను. అంగడివారు చెప్పే ‘21 గేర్లు’, ‘27 గేర్లు’ అనే లెక్కను పక్కన పెట్టి, బండి పక్కన గొంతుక్కూర్చుని పళ్లు లెక్కపెట్టండి. పెడళ్ల దగ్గర ముందున్న పళ్ల చక్రాలలో అన్నిటికన్నా చిన్నదానికి ఎన్ని పళ్లున్నాయి, వెనకవాటిలో అన్నిటికన్నా పెద్దదానికి ఎన్ని ఉన్నాయి అన్న రెండు అంకెలే కొండ మీద మీకు పనికివస్తాయి. ముందు 24, వెనక 34 ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి బండి సుమారు మీటరున్నర సాగుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు అయిదున్నర కిలోమీటర్ల వేగం వస్తుంది. ముందు 42, వెనక 28 ఉన్న బండి అదే తొక్కుడుకు 12 కిలోమీటర్లు పోతుంది. వినడానికి రెండోదే మేలనిపిస్తుంది. కానీ మనిషి, బండి, సామాను కలిసి 90 కిలోలనుకుంటే, వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే దారిలో మొదటి బండికి మీ కాళ్లు 95 వాట్లు ఇస్తే సరిపోతుంది, రెండోదానికి 200 వాట్లు దాటాలి. అంత బలం సముద్రమట్టాన ఒక గంటసేపు ఇవ్వగలరేమో గాని, గాలి పలచబడిన చోట రోజుకు ఆరు గంటల చొప్పున ఎవరూ ఇవ్వలేరు. కనుక ముందరి చిన్న చక్రం పళ్లు వెనకటి పెద్ద చక్రం పళ్లకన్నా బాగా తక్కువగా ఉన్న బండినే తీసుకోండి. కంపెనీ పేరు, రంగు, ఫ్రేము లోహం అన్నవి ఆ తరువాత చూసుకోవచ్చు.

ఇక సాధన. కొండ లేకపోయినా మన తీరానికి గాలి ఉంది. మధ్యాహ్నం దాటిన తరువాత సముద్రం మీది నుంచి వీచే గాలికి ఎదురుగా, నెల్లూరు నుంచి మైపాడు వైపు గాని, మీ ఊరి నుంచి తుమ్మలపెంట వైపు గాని, ఎక్కడా దిగకుండా ఒక గంట తొక్కి చూడండి. ఎదురుగాలి కూడా కొండలాంటిదే. కాళ్లు ఒక్క క్షణం ఆపితే బండి ఆగిపోతుంది, రహదారి మీద మీకు అలవాటైన ‘కాసేపు జారనిచ్చే’ సుఖం అందులో దొరకదు. నేను మొదటిసారి కొండకు వెళ్లే ముందు నాలుగు నెలలు చేసిన సాధన చాలావరకు ఇదే.

మీకున్న అసలు చిక్కు కాలం. ఆగస్టులో బయలుదేరాలంటే సాధన బరువంతా ఏప్రిల్, మే, జూన్ నెలల మీద పడుతుంది, అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తె కూడా అందులోనే వస్తుంది. ఆ రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి ఎనిమిది లోపల ఇంటికి చేరండి. పడమటి గాడ్పులో మధ్యాహ్నం తొక్కడం సాధన కాదు, మూర్ఖత్వం. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి నాలుగో వారం సగానికి తగ్గించండి. వారానికి ఒకసారి 100 కిలోమీటర్లు తొక్కడం కన్నా శని, ఆదివారాలు వరుసగా 60 చొప్పున తొక్కడం మేలు, ఎందుకంటే కొండ యాత్రలో మనిషిని కుంగదీసేది మొదటి రోజు శ్రమ కాదు, నిన్నటి నొప్పితో ఈ రోజు మళ్లీ సీటు మీద కూర్చోవలసి రావడం.

జూన్ చివరలో, తొలకరి పడ్డాక, ఒక పరీక్ష పెట్టుకోండి. యాత్రకు కట్టుకునే సామానంతా క్యారియర్‌కు కట్టి పెంచలకోన చేరి, సత్రంలో పడుకుని, మరునాడు రాపూరు–చిట్వేలి ఘాటు రోడ్డును వెలిగొండల మీదుగా రెండుసార్లు ఎక్కి దిగండి. మూడో రోజు ఇంటికి రండి. అక్కడ ఎంత వేగంతో ఎక్కాలో చెప్పే యంత్రం కొననక్కర లేదు. మీరు తెలుగు పంతులుగారు కదా, ఎక్కుతూ ఆటవెలది పద్యం చదవండి: ఒక పాదం ఒక ఊపిరిలో పూర్తయితే మీ వేగం సరైనది, పాదం మధ్యలో విరిగితే గేరు తగ్గించండి, పద్యమంతా ఒక్క ఊపిరిలో వస్తే మీరు బద్ధకిస్తున్నారన్నమాట. నలుగురిలో ఒకరికి పద్యం రాకపోతే అతనికి ఇదే అదను.

పాత రోహ్‌తాంగ్ కనుమ దారిన లెక్కిస్తే మనాలి నుంచి లేహ్‌కు సుమారు 470 కిలోమీటర్లు. మన రహదారి మీద నాలుగు రోజుల పని అనిపించే ఈ దూరానికి అక్కడ కనీసం పది రోజులు పెట్టుకుని, పైన రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. సెలవు పది రోజులే దొరికితే ఈ ఏటికి ఆ దారి మానుకుని మన నల్లమలలో తిరగండని చెప్పడానికి నేను సంకోచించను. తిరుగు టికెట్టు తేదీ ముంచుకొస్తున్నప్పుడు మనిషి తలనొప్పిని తలనొప్పి అని ఒప్పుకోడు.

ప్రశ్న: మేము ముగ్గురం డిగ్రీ విద్యార్థులం. మా నాన్నగారి కాలంనాటి గేర్లు లేని నల్ల సైకిళ్ల మీద దోర్నాల మీదుగా శివరాత్రికి శ్రీశైలం వెళ్లాలనుకుంటున్నాము. వెళ్లగలమా?
— ఒక విద్యార్థి, మార్కాపురం

జవాబు: వెళ్లగలరు, ఎక్కుడులో దిగి నడిపించడానికి సిగ్గుపడకపోతే. మార్కాపురం నుంచి దోర్నాలకు సుమారు 30 కిలోమీటర్లు, అక్కడి నుంచి శ్రీశైలానికి సుమారు 50. శివరాత్రికి ఎందరో భక్తులు కాలినడకనే ఆ అడవి దాటుతారు, మీకు నడవవలసి వచ్చేది కొంతే. నాకు బెంగ ఎక్కుడు గురించి కాదు, దిగుడు గురించి.

ఆ సైకిళ్లకు ఉక్కు రిమ్ములు, కడ్డీ బ్రేకులు ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు అవి పరవాలేదు గాని, రిమ్ము తడిసిందా, లీవరు ఎంత పిసికినా రబ్బరు ముక్క జారుతూనే ఉంటుంది. మంచు కురిసిన తెల్లవారుజాము అయినా, చినుకులు పడినా దిగుడులోనూ నడిపించండి. బయలుదేరే ముందు నాలుగు బ్రేకు రబ్బర్లూ మార్పించి, కడ్డీల కీళ్లలో నూనె వేయించి, ఖాళీ రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుందో చూసుకోండి.

మరో మాట నా అనుభవం మీద చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం రాపూరు ఘాటులో వెనక సామాను కట్టుకుని దిగుతూ, భయం కొద్దీ రెండు బ్రేకులూ పట్టిన పట్టు విడవకుండా మైళ్లు దిగాను. కాలిన రబ్బరు వాసన వచ్చినా ఏదో లారీదనుకున్నాను. ఒక మలుపు దాటీ దాటగానే వెనక ట్యూబు తుపాకీ పేలినట్టు పేలింది. బండి అడ్డదిడ్డంగా ఊగి పిట్టగోడ పక్కన ఆగింది. ఏమైందో చూద్దామని రిమ్ము మీద వేలు పెడితే చుర్రుమని కాలి, గంటలో బొబ్బ ఎక్కింది. తప్పు దారిదీ కాదు, బండిదీ కాదు, పూర్తిగా నాదే. బ్రేకు ఎడతెగకుండా పట్టుకుంటే రాపిడి వేడి ట్యూబులోకి దిగుతుంది. మలుపుకు ముందు తిన్నని దారిలోనే గట్టిగా పట్టి వేగం తగ్గించుకుని, మలుపులో వదిలి, మళ్లీ పట్టుకుంటే రిమ్ముకు చల్లారడానికి వ్యవధి ఉంటుంది. ముందు బ్రేకు అంటే మనవాళ్లకు భయం గాని, దిగుడులో బరువు ముందుకు వాలుతుంది కనుక బండిని నిజంగా ఆపేది అదే. రెండూ కలిపి, ముందుదాన్ని మెత్తగా మొదలుపెట్టి పట్టండి.

దోర్నాల దాటిన తరువాత అదంతా పెద్దపులుల అభయారణ్యం. రాత్రిపూట గేట్లు మూసేస్తారు కనుక ముందు రోజు సాయంత్రానికి దోర్నాల చేరి, తెల్లవారి గేటు తెరవగానే బయలుదేరండి. మీ బండ్ల వేగానికి పగలంతా పడుతుంది. శిఖరేశ్వరం దాకా మొత్తం మీద ఎక్కుడే, అక్కడి నుంచి దిగుడు. అరటిపండ్లు హ్యాండిల్‌కు తగిలించుకుని వెళ్లకండి, కోతులు బండి కదులుతుండగానే లాక్కుంటాయి. పోతే, శివరాత్రి రోజున ఆ ఇరుకు మలుపుల్లో బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. పండుగకు రెండు వారాలు ముందుగా వెళ్లి రండి, మల్లన్న ఏమీ అనుకోడు.

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. స్నేహితులతో కలిసి లడఖ్‌లో సైకిలు యాత్రకు పోతానంటున్నాడు. అక్కడ ఊపిరి అందదని, ముందే మాత్రలు వేసుకుంటే ఏమీ కాదని అంటున్నారు. నిజమేనా? పంపమంటారా?
— ఒక తల్లి, సింగరాయకొండ

జవాబు: అమ్మా, మీ భయం అకారణమైనది కాదు, అలాగని పంపకూడనంతదీ కాదు. సింగరాయకొండలో పీల్చే గాలికి ఉన్న ఒత్తిడిలో దాదాపు సగమే, మనాలి నుంచి లేహ్ పోయే దారిలో అన్నిటికన్నా ఎత్తయిన తంగ్‌లాంగ్ లా కనుమ మీద, అంటే సుమారు 5,300 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఒంటికి అలవాటు పడే గుణం ఉంది, కాకపోతే దానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి రాత్రి పడుకున్న చోటుకన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు కదలకుండా ఉండాలని వైద్యులు చెబుతారు. పగలు ఎంత ఎత్తు ఎక్కి దిగినా పరవాలేదు, లెక్క పడక దగ్గరే. వయసులో ఉన్నానని, రోజూ కసరత్తు చేస్తానని, అలవాటు పడకముందే పైకి పోతే వచ్చే ఎత్తు జబ్బు ఎవరినీ వదలదు. పైగా బలం ఉన్న కుర్రవాడే తొందరగా పైకి పోయి తొందరగా చిక్కుకుంటాడు.

మనాలి దారిలో ఒక మెలిక ఉంది, దానిని మీ అబ్బాయి చేత పటం మీద గీయించి చూడండి. 3,100 మీటర్ల దగ్గరున్న కేలాంగ్ నుంచి బయలుదేరి, సుమారు 4,890 మీటర్ల బారాలాచా లా కనుమ దాటి దిగితే సర్చూ వస్తుంది, అది 4,300 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. చాలామందికి జబ్బు చేసేది ఆ డేరాల్లో పడుకున్న రాత్రే. ఎత్తు జబ్బుకు మొదటి మందు కిందికి దిగడం, కానీ సర్చూ నుంచి వెనక్కి రావాలన్నా, ముందుకు పోవాలన్నా మళ్లీ ఒక కనుమ ఎక్కవలసిందే. అందుకే కేలాంగ్‌లోనో, దాని పైనున్న జిస్పాలోనో రెండు రాత్రులు, బారాలాచా కిందనే మరి రెండు రాత్రులు ఉండి గాని సర్చూ వైపు కదలకూడదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, అన్నం సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఆ రోజు పైకి పోకూడదు. మాట తడబడినా, తిన్నగా నడవలేకపోయినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లవారేదాకా ఆగకుండా వాహనంలో దించివేయాలి.

మాత్రల సంగతి. వారు చెప్పేది అసిటజోలమైడ్. అది ఒంటిని త్వరగా అలవాటు పడనిస్తుంది, అంతేగాని కవచంలా కాపాడదు. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు జాగ్రత్తపడాలి కనుక మీ డాక్టరుగారు పరీక్షించి రాసిచ్చిన మోతాదులోనే వాడాలి. వాడితే వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, గోలీసోడా తాగినా చప్పగా ఉంటుంది. వాటికి కంగారు పడనక్కర లేదు. ఇంటి దగ్గర ఒకటి రెండు రోజులు వేసుకుని చూడడం మంచిదా అని కూడా డాక్టరుగారినే అడగండి.

పంపమంటారా అన్నారు. పైన చెప్పిన పడకల లెక్కను, ఏ రాత్రి ఏ ఊళ్లో, ఎంత ఎత్తున అన్నది, కాగితం మీద రాసి ఇమ్మని అడగండి. రాసిచ్చినవాడిని పంపండి. ‘అక్కడికి పోయాక చూసుకుంటాం’ అన్నవాడిని ఆపండి.

ప్రశ్న: సైకిలును రైల్లో ఎలా పంపాలి? వెంట ఏ విడి భాగాలు ఉండాలి?
— ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: నెల్లూరు స్టేషనులో పార్సిలు కార్యాలయానికి రైలు బయలుదేరే వేళకు చాలా ముందుగా వెళ్లి, మీ టికెట్టు చూపించి లగేజీగా బుక్ చేయండి. మీరు ఎక్కే రైలు మీ స్టేషనులో, దిగే స్టేషనులో తగినంత సేపు ఆగుతుందో లేదో ముందే విచారించుకోండి. హ్యాండిల్ పక్కకు తిప్పి, గొట్టాలకు పాత దుప్పటి చుట్టి, పేరు, ఫోను నంబరు రెండు చోట్ల కట్టండి. గేరు మార్చే మర వెనక చక్రం పక్కన వేలాడుతుంటుంది. దానిని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క మూటల కింద పడి వంగడం మామూలే, ఆ ముక్క ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం కనుక దారిలో దొరకదు. అదొకటి, వెనక చక్రానికి చైను వైపు సరిపోయే స్పోకులు నాలుగు, చైను లింకు, ట్యూబులు రెండు, బ్రేకు రబ్బర్లు రెండు జతలు, కేబుళ్లు రెండు ఉంటే చాలు. పెడళ్లు మాత్రం ఇంటి దగ్గరే ఒకసారి విప్పి గ్రీజు పెట్టి బిగించి చూసుకోండి. కుడి పెడల్ మామూలు మర లాగే విప్పుకుంటుంది, ఎడమది ఎదురు మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. ఈ సంగతి తెలియక ప్లాట్‌ఫారం మీద ఇద్దరు పట్టుకుని విప్పుతున్నామనుకుని బిగించినవారిని చూశాను.