కోచ్ వెళ్ళిపోయాడని నువ్వు కూడా ఇప్పుడే బ్యాగ్ సర్దకు

ఒరేయ్ చిన్నా,

మీ బాస్కెట్‌బాల్ కోచ్ ఇంకో పెద్ద కాలేజ్‌కి వెళ్ళిపోతున్నాడని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నువ్వు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదట, రేపో ఎల్లుండో కాలేజ్ మారడానికి ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు ఇచ్చేస్తానంటున్నావట. ఫోన్ చేస్తే "హా మావయ్యా, ఓకే మావయ్యా" అని పెట్టేస్తావని తెలుసు, అందుకే రాస్తున్నా, కాస్త నిదానంగా చదువు.

నీ బాధ నాకు అర్థమవుతుంది రా. హైస్కూల్లో నిన్ను ఎవడూ పట్టించుకోనప్పుడు ఇంటికొచ్చి, మీ అమ్మ పెట్టిన పెసరట్టు తిని, మీవాణ్ణి నేను చూసుకుంటా అని మీ నాన్న చెయ్యి పట్టుకుని చెప్పిన మనిషి ఆయన. అలాంటాయన ఒక టీమ్ మీటింగ్ పెట్టి నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోతే కడుపు మండకుండా ఎలా ఉంటుంది. మండనీ. కానీ ఆ మంటలో ఉన్నప్పుడు మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, ఇన్‌స్టాలో ఏమీ రాయొద్దు.

నేను లారెన్స్‌లో, కాన్సాస్ యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో ఇదే జరిగింది, నువ్వింకా పుట్టలేదు. కాన్సాస్‌లో కోచ్ రాయ్ విలియమ్స్ అంటే ఊళ్ళో ఇంటి పెద్ద లెక్క. 1988 నుంచి 15 సీజన్లు చేశాడు. మధ్యలో 2000లో ఆయన సొంత కాలేజ్ నార్త్ కరోలినా పిలిచింది, ఊరంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే ఉండిపోతున్నానని చెప్పాడు, ఫుట్‌బాల్ స్టేడియంలో స్క్రీన్ మీద ఆ మాట విని వేల మంది ఎగిరి గంతేశారు. మూడేళ్ళు తిరక్కుండానే, 2003 ఏప్రిల్ 7న సిరక్యూస్ మీద నేషనల్ ఫైనల్ 81-78తో ఓడిపోయాం, 30 ఫ్రీ త్రోలు వస్తే 12 మాత్రమే వేశాం, చివర్లో మైకేల్ లీ వేసిన త్రీని హకీమ్ వారిక్ ఎక్కడి నుంచో వచ్చి బ్లాక్ చేసిన ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంటుంది. ఆ ఏడుపు ఇంకా ఆగలేదు, వారం తిరిగేసరికి ఆయన నార్త్ కరోలినాకి వెళ్ళిపోయాడు. లారెన్స్ మెయిన్ రోడ్డు మసాచుసెట్స్ స్ట్రీట్‌లో ఎవరి నోట విన్నా ద్రోహి అనే మాటే.

అయితే నిదానంగా చూస్తే ఆయన ఎందుకు వెళ్ళాడో కనిపిస్తుంది. పుట్టి పెరిగింది అక్కడ, చదివింది అక్కడ, గురువు డీన్ స్మిత్ దగ్గర పదేళ్ళు అసిస్టెంట్‌గా చేసింది అక్కడ. దానికి తోడు ఇక్కడ కాలేజ్ ఆటలన్నిటికీ పెద్ద అయిన అథ్లెటిక్ డైరెక్టర్‌తో ఆయనకి పొసగలేదు, ఫైనల్ అయిన రెండు రోజులకి ఆ డైరెక్టర్‌ని తీసేశారు కానీ అప్పటికే ఆలస్యమైంది. అంటే ఆ నిర్ణయంలో ప్లేయర్ల మీద ప్రేమ లేకపోవడం అనేది అసలు లేదు. మీ కోచ్ లెక్కలు ఏంటో నాకు తెలీదు, డబ్బు కావచ్చు, పెద్ద కాన్ఫరెన్స్ కావచ్చు, భార్యా పిల్లలు కావచ్చు. ఏదైనా సరే అది నీ మీద తీర్పు కాదు, ఇది మాత్రం బుర్రలో గట్టిగా పెట్టుకో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. రాయ్ విలియమ్స్ వెళ్ళాక కాన్సాస్ వాళ్ళు ఇలినాయ్ నుంచి బిల్ సెల్ఫ్‌ని తెచ్చారు, అంటే మన బాధ తీరడానికి ఇలినాయ్ పిల్లలకి అదే బాధ వచ్చింది. నార్త్ కరోలినాలో అయితే షాన్ మే, ఫెల్టన్, మెక్‌కాంట్స్ ముగ్గురూ అంతకుముందు కోచ్ మ్యాట్ డోహర్టీని చూసి చేరిన వాళ్ళు, చేరిన మొదటి ఏడాదికే ఆయన ఉద్యోగం వదిలేశాడు. మూడు చోట్లా పిల్లలకి కోచ్ మారిపోయాడు. మూడు చోట్లా అసలైన వాళ్ళు చాలావరకు ఉండిపోయారు. 2005 నేషనల్ ఫైనల్లో ఎవరు ఆడారో తెలుసా, నార్త్ కరోలినా, ఇలినాయ్! సెల్ఫ్ తీసుకొచ్చిన డెరన్ విలియమ్స్, డీ బ్రౌన్ కొత్త కోచ్ బ్రూస్ వెబర్ కింద ఆ ఏడాది 37 గెలిచి రెండే ఓడారు, డోహర్టీ తెచ్చిన పిల్లలు విలియమ్స్ కింద టైటిల్ కొట్టారు. మా వాళ్ళకి అంత కలిసిరాలేదు, సిమియన్, లాంగ్‌ఫర్డ్, మైల్స్ ఉండిపోయి 2004లో ఎలీట్ ఎయిట్, అంటే చివరి ఎనిమిది టీముల దాకా వెళ్ళారు, తర్వాతి ఏడాది మొదటి రౌండ్‌లోనే బక్నెల్ చేతిలో ఒక్క పాయింట్‌తో ఓడిపోయారు. డేవిడ్ పాడ్జెట్ అనే కుర్రాడు ఒక్క ఏడాది చూసి లూయివిల్‌కి వెళ్ళిపోయాడు, అది కూడా తప్పేం కాదు, అక్కడ బాగానే ఆడాడు. కానీ చూశావా, వాడు కొత్త కోచ్ కింద ఒక సీజన్ ఆడి, తన ఆటకి అది సరిపోతుందో లేదో చూసుకుని వెళ్ళాడు. నేను నిన్ను ఉండిపొమ్మనీ అనట్లేదు, వెళ్ళిపొమ్మనీ అనట్లేదు, చూసుకుని వెళ్ళమంటున్నా, అంతే.

అప్పట్లో కాలేజ్ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది కాబట్టి పిల్లలు నాలుగుసార్లు ఆలోచించేవాళ్ళు, ఇప్పుడు ఆ అడ్డు లేదు కాబట్టి ఆలోచించడం నీ పనే అయింది. 2024లో కోచ్ కాలిపరి కెంటకీ వదిలి ఆర్కాన్సా వెళ్తే వాగ్నర్, థియెరో లాంటి వాళ్ళు ఆయన వెనకే వెళ్ళారు, కెంటకీలో మార్క్ పోప్ మళ్ళీ మొదట్నుంచి టీమ్ కట్టుకోవాల్సి వచ్చింది. 2025లో రెండు టీములూ స్వీట్ సిక్స్‌టీన్‌కి, అంటే చివరి పదహారు టీముల్లోకి చేరాయి. నువ్వూ మీ కోచ్ వెనకే వెళ్ళాలనుకుంటున్నావేమో, వెళ్ళే ముందు ఒకటి ఆలోచించు, ఆయన వెళ్ళేది ఇంకా పెద్ద చోటుకి, అక్కడ నీ పొజిషన్‌లో నీకంటే ఎత్తున్న వాళ్ళనీ వేగమున్న వాళ్ళనీ తెచ్చుకోగలిగే డబ్బు ఆయన చేతిలో ఉంటుంది. నువ్వంటే ఇష్టం ఉండటం వేరు, మ్యాచ్‌లో నీకు 25 నిమిషాలు ఇవ్వడం వేరు.

ఇంకోటి, ఆయన నీకు ఫోన్ చెయ్యట్లేదని మీ అమ్మ బాధపడుతోంది. ఇప్పుడాయన వేరే స్కూల్ మనిషి, నీ పేరు పోర్టల్‌లో పడేదాకా నిన్ను రమ్మని అడగడం రూల్స్‌కి విరుద్ధం. ఆ మౌనాన్ని మర్చిపోవడం అనుకోవద్దు. నువ్వే థాంక్స్ చెప్తూ ఒక మెసేజ్ పెట్టు, చిన్నది చాలు. అలాగే అసిస్టెంట్ కోచ్‌ల దగ్గరికి వెళ్ళి కలువు, కొత్తాయన వస్తే చాలామందికి ఉద్యోగాలే ఉండవు, తెల్లారకముందే జిమ్‌కి వచ్చి నీకు బంతులు అందించింది వాళ్ళే కదా.

కొత్త కోచ్ వచ్చిన వారంలోనే టైమ్ అడిగి కూర్చో. నా ఆటలో ఏం చూశారు, వచ్చే ఏడాది నా పొజిషన్‌లో ఎంతమందిని తెస్తున్నారు, నేను ఎక్కడ సరిపోతాను, ఈ మూడూ మొహం మీదే అడుగు. నీళ్ళు నమిలితే అదే నీకు జవాబు. పోర్టల్ ఎప్పుడు తెరుస్తారు, కోచ్ మారిన టీమ్‌కి ఎన్ని రోజులిస్తారు అనేవి మారుతూ ఉంటాయి, ఫ్రెండ్స్ చెప్పింది నమ్మకుండా కాలేజ్‌లో రూల్స్ చూసే కంప్లయన్స్ ఆఫీస్‌లో అడిగి ఈమెయిల్‌లో రాయించుకో. ఒకసారి పేరు ఇచ్చాక వచ్చే టర్మ్ నుంచి నీ స్కాలర్‌షిప్ ఉంచాల్సిన బాధ్యత మీ కాలేజ్‌కి ఉండదు, ఇది మీ నాన్నకి కూడా చెప్పు.

చదువు సంగతి ఎవరూ నీకు చెప్పి ఉండరు. మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60 శాతం అయిపోయి ఉండాలి, లేకపోతే ఆడనివ్వరు. నీది ఇంజనీరింగ్, కొత్త కాలేజ్ వాళ్ళు నీ ల్యాబ్ కోర్సులు రెండు ఒప్పుకోకపోయినా లెక్క తప్పుతుంది, అప్పుడు మేజర్ మార్చుకోమంటారు. ఏ కాలేజ్ వాళ్ళు పిలిచినా ముందు ట్రాన్స్‌క్రిప్ట్ చూసి ఏవి తీసుకుంటారో రాసివ్వమను, జెర్సీ నంబర్ మాట తర్వాత.

నీ ట్రాన్స్‌క్రిప్ట్, స్కాలర్‌షిప్ అగ్రిమెంట్ రెండూ నాకు ఈ రాత్రికే పంపు. శనివారం పొద్దున కూర్చుని చూద్దాం, అప్పటిదాకా ప్రాక్టీస్ మానకు. మీ అమ్మతో నేను మాట్లాడతాలే.

మీ మావయ్య