పాత మారుతికి ఫాగ్ లైట్లు: అల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. మీ నాయన పాత మారుతి కప్పు మీద బిగించడానికి నువ్వేదో పొడుగాటి ఎల్ఈడీ లైట్ల బార్ కొన్నావట. "నీ మాటయితే వింటాడు, జర చెప్పు అన్నా" అంది. ఫోన్లో చెబితే ఊ కొడతావు, పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

నీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. మిర్యాలగూడలో పని ముగించుకుని హాలియా, పెద్దవూర మీదుగా దేవరకొండ చేరేసరికి రాత్రి పది దాటుతుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు వడ్లదే. చుట్టూ రాళ్లు పేర్చి, పైన నల్లపట్టా కప్పి పోతారు. రాత్రిపూట ఆ పట్టా, తారు ఒక్కటే రంగు. దానికితోడు వెనక లైటు లేని ట్రాక్టర్లు, నడిరోడ్డు మీద పండుకున్న బర్రెలు. డిసెంబరు, జనవరిలో సాగర్ ఎడమ కాలువ కింది పొలాల మీద తెల్లారగట్ల పొగమంచు. వెలుతురు కావాల్సిందే. కానీ కొత్త లైటు కొనే ముందు ఉన్న లైటు ఎందుకు చాలడం లేదో చూశావా?

పాత బండ్లలో చాలావరకు జబ్బు బల్బుది కాదు, కరెంటుది. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు స్టీరింగు కింది స్విచ్ దాకా వచ్చి, పాతికేండ్ల నాటి సన్నటి వైర్ల గుండా, తుప్పు పట్టిన కనెక్టర్ల గుండా బల్బుకు చేరుతుంది. వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టి చూడు. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8, 14 వోల్టులు ఉంటాయి. అదే సమయంలో, లైటు వెలుగుతుండగా, బల్బు వెనక హోల్డరు దగ్గర చూస్తే ఒక్కోసారి పన్నెండు కూడా ఉండదు. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు కూడా పదో వంతే తగ్గుతుందనుకోకు. హాలోజన్ బల్బులో సుమారు 30 శాతం పోతుంది.

కాబట్టి ముందు హెడ్‌లైట్లకు రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్ డబ్బీలు) వెయ్యి, డిమ్ముకు ఒకటి, హైబీముకు ఒకటి. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు నేరుగా రిలేకు, అక్కడి నుంచి బల్బుకు. పాత వైరు పని ఇక రిలేను లేపడం వరకే. ఎర్త్ పాయింటు (మైనస్ వైరును బండి రేకుకు బిగించే చోటు) దగ్గర పెయింటు గీకి, వైరు కొసన ఉండే లగ్ గట్టిగా బిగించి, పైన గ్రీజు రాయి. ఒక్కటి గుర్తుపెట్టుకో: కొన్ని బండ్లలో స్విచ్ ప్లస్సును కాదు, ఎర్త్‌ను కలుపుతుంది. కరెంటు ఉందో లేదో చూపే టెస్ట్ ల్యాంపుతో అది తేల్చుకోకుండా రిలే కలిపితే తిక్కతిక్కగా వెలుగుతుంది, నువ్వు రిలేను తిడతావు. ఈ పనికి లైట్ల కొలత మారదు, బండి రూపం మారదు, ఖర్చు కూడా పెద్దగా కాదు. చాలామందికి దీంతోనే సరిపోతుంది. నా షాపుకు ఫాగ్ లైట్ల కోసం వచ్చి, రిలేలు వేయించుకుని, ఇక చాలని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. నాకు బేరం పోయేది, అది వేరే సంగతి.

100/90 వాట్ల బల్బుల జోలికి మాత్రం పోకు. నీ బండికి 60/55 వాట్ల హెచ్4 రకం బల్బు చాలు. పెద్ద బల్బు వేడికి హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టరు మీది మెరుపు పూత నల్లబడుతుంది. మొదటి నెల బ్రహ్మాండంగా ఉంటుంది, మూడో నెలకు మొదటికంటే తక్కువ కనిపిస్తుంది. హాలోజన్ బల్బు కోసం చేసిన డూములో (హెడ్‌లైటు గిన్నెలో) ఎల్ఈడీ బల్బు పెట్టడం కూడా అంతే. ఆ రిఫ్లెక్టరును హాలోజన్ బల్బు లోపలి చిన్న తీగ ఉండే చోటును లెక్కేసి చేశారు. వేరే బల్బు పెడితే వెలుతురు చెదిరి ఎదుటివాడి కళ్లలోకి పోతుంది.

ఇవన్నీ చేశాక కూడా పొగమంచు కోసం ఫాగ్ లైట్లు కావాలంటే, సరే. కప్పు మీద మాత్రం వద్దు. పైనుంచి పడే వెలుతురు బానెట్ మీద, దుమ్ము మీద, మంచు మీద పడి తిరిగి నీ కళ్లకే వస్తుంది. తెల్ల గోడ ముందు నిలబడ్డట్టు ఉంటుంది. ఫాగ్ లైటు హెడ్‌లైటు కంటే కింద, బంపరు దగ్గర ఉండాలి. దాని వెలుతురు వెడల్పుగా పరుచుకుని, పైన గీత గీసినట్టు ఆగిపోవాలి. అది చూపించాల్సింది దూరాన్ని కాదు, రోడ్డు అంచును. పసుపా, తెలుపా అని కుర్రాళ్లు కొట్టుకుంటారు. ఎక్కడ బిగించావన్నదే లెక్క. కొందరి కళ్లకు పసుపు హాయిగా ఉంటుంది, అంతే. మరీ పెద్దవి కొని రేడియేటరు ముందు అడ్డం పెట్టకు, మే నెలలో మన నల్గొండ ఎండకు ఆ ఇంజనుకు గాలి అందాలి కదా.

వైరింగు సంగతి కాస్త వివరంగా చెబుతాను. దీని మీద నాకు చేదు అనుభవం ఉంది. నేను ఈ పని నేర్చుకోకముందు, నా సొంత బండికి ఒక షాపులో ఫాగ్ లైట్లు పెట్టించాను. ఆయన పార్కింగ్ లైటు వైరు గీకి, దానికి చుట్టి, టేపు వేసి పంపించాడు. రిలే లేదు, ఫ్యూజు లేదు. కొండమల్లేపల్లి దాటాక డాష్‌బోర్డు కింద ప్లాస్టిక్ కాలిన వాసన, వెంటనే పొగ. స్విచ్ ఆఫ్ చేస్తే ఆరదు, లోపల అప్పటికే కరిగి అతుక్కుపోయింది. డిక్కీలో పది నంబరు పానా ఉండబట్టి బ్యాటరీ మైనస్ తీసేశాను. మీ అత్త ఇద్దరు పిల్లల్ని పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే నన్ను చూసే చూపు వేరేగా ఉంటుంది.

55 వాట్ల లైట్లు రెండు కలిసి తొమ్మిది, పది ఆంపియర్లు లాగుతాయి. పార్కింగ్ లైటు వైరు ఆ బరువు మొయ్యలేదు. రిలే కాళ్లకు నంబర్లుంటాయి. వాటిలో 30కి బ్యాటరీ ప్లస్, మధ్యలో 15 ఆంపియర్ల ఫ్యూజు. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజు దాటిన వైరుకే కాపలా ఉంటుంది. 87 నుంచి లైట్లకు, 85 ఎర్త్‌కు, 86కు స్విచ్ నుంచి. ఆ స్విచ్‌కు కరెంటు పార్కింగ్ లైటు వైరు నుంచి తీసుకో, అది రిలేను లేపడానికి మాత్రమే కాబట్టి ఏమీ కాదు. లైట్లు ఆపేస్తే ఫాగ్ లైట్లూ ఆరిపోతాయి, బ్యాటరీ దిగదు. రిలే కాళ్లు కిందికి ఉండేలా బిగిస్తే నీళ్లు నిలవవు. రేకులోంచి వైరు దూరే చోట రబ్బరు గ్రోమెట్ వెయ్యి. సైలెన్సరు మానిఫోల్డుకు దూరంగా తిప్పు. మీ కొట్టంలో ఎలుకలు ఎన్నో నాకు తెలుసు, వైరంతా ముడతల పైపులో దూర్చు.

బిగించాక గురి పెట్టడం మర్చిపోకు. మీ బడి దగ్గర నేల చదునుగా ఉంటుంది. చీకటిపడ్డాక గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలుపు. నేల నుంచి లైటు మధ్య వరకు ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దతో గీత గియ్యి. వెలుతురు పై అంచు ఆ గీతకు నాలుగు అంగుళాలు కిందుండాలి. టైర్లలో గాలి సరిగ్గా పట్టించి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి చూడు. పొగమంచు లేనప్పుడు ఆపేసెయ్. ఎదురుగా వచ్చే ఆటోవాడికి కూడా ఇంటికి పోవాలని ఉంటుంది.

ఇంకో మాట. 15 ఏండ్లు దాటిన బండి కాబట్టి ఆర్సీ ఐదేండ్లకోసారి రెన్యూవల్ చేయించాలి, అప్పుడు బండిని చూస్తారు. ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్లో ఉంది. కప్పు మీద బార్ కనిపిస్తే నీకు అక్కడ వాదన తప్పదు. బంపరు కోయకుండా, చిన్న బ్రాకెట్లతో, విప్పితే ఆనవాలు లేకుండా బిగించు.

ఆ బార్ డబ్బా ఇంకా విప్పకపోతే కొన్నచోట తిరిగి ఇచ్చెయ్. ఆదివారం పొద్దున బండి తీసుకుని నల్గొండ రా. మల్టీమీటరు, టెస్ట్ ల్యాంపు నా దగ్గరున్నాయి. రిలేలు రెండు, వైరు ఆరు మీటర్లు తీసుకురా. ఫాగ్ లైట్లు ఇప్పుడే కొనకు, హెడ్‌లైట్లు ఎంత వెలుగుతాయో సాయంత్రం చూసుకున్నాక చెబుతాను.

మీ మామయ్య