విమానం జీపీఎస్‌లో ఆ వింత పేర్లు ఎవరు పెడతారు?

మీరు రేణిగుంటలో ఉంటూ సిమ్యులేటర్‌లో ఫ్లైట్లు నడుపుతారని రాశారు. విమానం వెళ్లే దారిలో గుర్తుగా పెట్టుకునే కొన్ని పాయింట్లకు నోటికి పలికే ఐదక్షరాల పేర్లుంటే, కొన్నిటికి ఎఫ్ఎఫ్26, డీ085కే, 1379ఈ లాంటివి ఎందుకున్నాయన్నది మీ ప్రశ్న. నాది చిత్తూరు. బెంగళూరులో ఈ డేటా ఎక్కించే ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశాను, కాబట్టి చెప్తున్నా.

ఐదక్షరాలవి మనుషులు పెట్టినవి. మన దేశంలో ఆ పని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. అలాగని ఇష్టమొచ్చింది పెట్టేస్తే కుదరదు. ప్రపంచ విమానయాన సంస్థ ఐకావో వాళ్ల ఐకార్డ్ అనే డేటాబేస్‌లో పేరు ఖాయం చేసుకోవాలి. రేడియోలో నోరు తిరగాలి, ప్రపంచంలో ఇంకెక్కడా అదే పేరు ఉండకూడదు. అర్థం ఉండాలన్న రూలేమీ లేదు. అమెరికా వాళ్లు మాత్రం సరదా తీర్చుకుంటారు: కాన్సాస్ సిటీలో దిగే దారిలో స్పైసీ, బార్బెక్యూ, రిబ్స్ అని తిండి పేర్లే. మన లడ్డూకి ఆ యోగం ఎప్పుడు పడుతుందో అని మా ఆఫీసులో ఒకటే జోకులు.

రెండో రకం నాకు ఇంకా ఇష్టం. చార్టు, అంటే పైలట్ల మ్యాపు మీద పాయింటు ఉంటుంది, పేరు మాత్రం ఉండదు. పేరు లేకపోతే కంప్యూటర్‌కి పని జరగదు. అప్పుడు ఏరింక్ 424 అనే స్టాండర్డు చూసి మేమే కట్టేవాళ్లం. రేణిగుంట రన్‌వే 08/26 కదా, ఆర్‌డబ్ల్యూ26 అంటే ఆ వైపు రన్‌వే మొదలు. ఎఫ్ఎఫ్26 అంటే ఫైనల్ అప్రోచ్ ఫిక్స్, దిగే దారిలో చివరి అంకం మొదలయ్యే చోటు. ఎంఏ26 అంటే మిస్డ్ అప్రోచ్ పాయింటు, రన్‌వే కనిపించకపోతే దిగడం మానుకుని మళ్లీ పైకి లేవాల్సిన చోటు. 26 నంబరు రన్‌వే ఉన్న ఏ ఊళ్లోనైనా ఇవే పేర్లు రావచ్చు, అందుకే ఎయిర్‌పోర్టుతో కలిపి చూడాలి.

డీ085కేలో డీ అంటే దూరాన్ని బట్టి కట్టిన పేరని. 085 అనేది రేడియో స్టేషన్ నుంచి దిక్కు. కే పదకొండో అక్షరం, అంటే పదకొండు నాటికల్ మైళ్లు. ఏ నుంచి జెడ్ దాకా 26 మైళ్లు అయిపోతే? స్టేషన్ గుర్తు రాసి పక్కన మైళ్లు వేస్తారు, చెన్నై స్టేషన్ గుర్తు ఎంఎంవీ, అక్కణ్నుంచి 35 మైళ్లయితే ఎంఎంవీ35.

1379ఈ దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఉత్తర అక్షాంశం 13, తూర్పు రేఖాంశం 79. చివరనున్న ‘ఈ’ ఒక్కటే ఉత్తరాన్నీ తూర్పునూ కలిపి చెప్తుంది. ఉత్తరం-పడమర అయితే ఎన్ వేస్తారు. సముద్రాల మీద వాడే పద్ధతి ఇది, మన నేల మీద లెక్కేస్తే కాట్పాడికి కాస్త పడమరగా పడుతుంది. రేఖాంశం వంద దాటితే అక్షరం మధ్యలోకి జరుగుతుంది: 110 అయితే 13ఈ10. అక్షరం మొదట్లోకొచ్చి ఈ1379 అయిందా, అక్షాంశం 13 డిగ్రీల 30 నిమిషాలు, పదమూడున్నర. అంటే కాట్పాడి పక్కన ఉండాల్సింది పాకాల, దామలచెరువు వైపు వచ్చేసింది, ముప్పై నాటికల్ మైళ్ల తేడా! అట్లాంటిక్ మీద నిజంగానే పైలట్లు ఈ రెంటినీ తికమకపడ్డారు. ఆ తర్వాతే అర డిగ్రీ పాయింట్లకు మొదట హెచ్ పెట్టే పద్ధతి తెచ్చారు. నన్నడిగితే ముందే పెట్టాల్సింది.

పేరు పొట్టిదైతే ఎంత ప్రమాదమో 1995 డిసెంబర్ 20న కొలంబియాలో తెలిసింది. కాలీలో దిగాల్సిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965లో పైలట్లు రోజో అనే బీకన్ (దారి చూపే రేడియో స్టేషన్) కోసం ఆర్ అని కొట్టారు. చార్టులో దాని గుర్తు ‘ఆర్’ అక్షరమే. డేటాబేస్‌లో మాత్రం ఆర్ కొడితే ముందుగా వచ్చింది బొగోటా దగ్గరి రోమియో అనే ఇంకో బీకన్. రోజో కావాలంటే పేరంతా కొట్టాలి. విమానం ఎడమకు తిరిగి కొండలవైపు పోయింది. ఉన్న 163 మందిలో 159 మంది చనిపోయారు. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఈ కథ చెప్పకుండా సిస్టమ్ ముందు కూర్చోబెట్టేవాళ్లు కాదు.

ఇక చార్టులో ఒక పేరు, మీ సిమ్యులేటర్‌లో ఇంకో పేరు కనిపిస్తోందన్నారు. ముందు మీ డేటా తేదీ చూసుకోండి. ఏరాక్ సైకిల్ అంటే ఈ డేటాను అందరూ ఒకే తేదీకి మార్చుకునే క్యాలెండరు, అది 28 రోజులకోసారి మారుతుంది. ఫ్రీగా వచ్చిన డేటా చాలావరకు పాతదే. తేదీలు కలిసినా పేరు కలవకపోతే అది పైన చెప్పిన రెండో రకం అయ్యుంటుంది, చార్టులో దిక్కూ దూరమూ చూసి పోల్చుకోండి.