షిట్జు బొచ్చులో క్లిప్పర్ ఇరుక్కుంటోందా? ముందు చిక్కులు తీయండి

మీ షిట్జు కుక్కకి క్లిప్పర్ (బొచ్చు కత్తిరించే మెషిన్) పెట్టగానే బొచ్చులో ఇరుక్కుని లాగుతోందని, అది కరవడానికి వస్తోందని రాశారు. మెషిన్ మార్చాలా అని అడిగారు కదండీ, ఇప్పుడే వద్దు.

స్నానం చేయించకుండానే కత్తిరిస్తున్నానన్నారు. అక్కడే ఉంది చిక్కంతా. మట్టి, జిడ్డు ఉన్న బొచ్చులో ఎంత మంచి బ్లేడైనా మొద్దుబారిపోతుంది. ముందు స్టీల్ దువ్వెనతో చిక్కులు తీయండి. చిక్కు ఉండగా తడిపితే ఇంకా బిగుసుకుంటుంది. తర్వాత స్నానం, ఆపైన కుదుళ్ల దాకా ఆరబెట్టడం. దువ్వెన చర్మం దాకా దిగి అడ్డం లేకుండా బయటికి వస్తేనే క్లిప్పర్ పట్టండి. బ్లేడు మీద గార్డు (బొచ్చు మరీ పొట్టిగా తెగకుండా పెట్టే దువ్వెన లాంటి తొడుగు) తొడిగితే మరీను, చిక్కుల్లో అసలు కదలదు.

చర్మానికి అతుక్కుపోయిన ఉండలుంటే కత్తెర జోలికి పోవద్దు, చర్మం తెగుతుంది. గార్డు లేకుండా 10 నంబర్ బ్లేడుతో ఉండ కిందనుంచి మెల్లగా తీసేయండి. సుమారు 1.5 మి.మీ. బొచ్చే మిగులుతుంది, చూడ్డానికి బాగోదు. పర్లేదు, మళ్లీ వస్తుంది.

బ్లేడును చర్మానికి ఆనించి పడుకోబెట్టి, బొచ్చు పెరిగే దిశలోనే నడపండి. మధ్యమధ్య మీ మణికట్టుకు ఆనించి చూడండి, వేడెక్కితే ఆపేయాలి. క్లిప్పర్ ఆయిలే వాడండి, కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది.

భయానికి మందు చికెనే! రోజూ మెషిన్ ఆన్ చేసి పక్కన పెట్టి, ఉప్పు వేయకుండా ఉడికించిన ముక్క తినిపించండి. ఒక్కరోజులో ఒళ్లంతా పూర్తి చేయాలన్న టెన్షన్ వద్దు, కాళ్లు రేపు చేసుకోవచ్చు.