మూడు బ్లాకుల్లో ఒక్కటే తెరిచారంటే మిగతావి వదిలేసినట్టా?

నాన్నగారికి మేజర్ హార్ట్ అటాక్ వచ్చి బీపీ పడిపోయిందని, మూడు బ్లాకులుంటే ఒక్కదానికే స్టెంట్ వేసి "గైడ్‌లైన్స్ ప్రకారమే చేశాం" అన్నారని రాశారు. పేషంట్‌ని వదిలేసి పుస్తకం చూసి వైద్యం చేస్తారా అన్నది మీ అనుమానం. నేను డాక్టర్‌ని కాదు, క్యాథ్‌ల్యాబ్ (గుండె నాళాల్లో బ్లాకులు తెరిచే గది) నర్సుని. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే వాళ్లు పేషంట్‌ని చూసే ఆగారనిపిస్తోంది.

గుండె సరిగా పంప్ చేయలేక బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్లిన పేషంట్‌కి ఒకప్పుడు కనబడిన బ్లాకులన్నీ ఒకే సిట్టింగ్‌లో తెరిచేయాలనే ఆలోచన ఉండేది, గైడ్‌లైన్స్ కూడా అటే మొగ్గేవి. 2017లో కల్‌ప్రిట్-షాక్ అనే ట్రయల్ (పేషంట్ల మీద చేసిన పరిశోధన) దాన్ని తిరగేసింది. అటాక్ తెచ్చిన నాళం ఒక్కటే ముందు తెరిచినవాళ్లలో నెల రోజుల్లో చనిపోయినవాళ్లూ, డయాలసిస్ లాంటిది అవసరమైనవాళ్లూ కలిపి 46 శాతం, అన్నీ ఒకేసారి తెరిచినవాళ్లలో 55 శాతం. అదే బీపీ నిలకడగా ఉన్న పేషంటైతే మిగతా పెద్ద బ్లాకులు కూడా తెరవడమే మంచిదని 2019లో కంప్లీట్ అనే ట్రయల్ చెప్పింది, అదీ అప్పుడే కాకపోయినా తర్వాత కొన్ని వారాల్లోపు.

గైడ్‌లైన్స్ నిజంగా పట్టుబట్టేది మొదటి నిమిషాల్లో. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ, 90 నిమిషాల్లో నాళం తెరవాలి. వేరే ఆసుపత్రికి పంపి తెరిపించడానికి 120 నిమిషాలు దాటేలా ఉంటే ముందు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేయాలి. మా దగ్గర ఈసీజీ కాగితం మీదే పెన్నుతో టైమ్ వేస్తారు, అర్ధరాత్రి అయినా డ్యూటీ డాక్టర్ ఎవరి పర్మిషన్ కోసమూ చూడకుండా మా టీమ్‌ని లేపేస్తారు. ఆ ధైర్యం ఇచ్చేది ఈ రూలే. కాకపోతే ఆ 90 నిమిషాలు ఆసుపత్రి గుమ్మం నుంచే లెక్క, గ్యాస్ అనుకుని ఇంట్లో పోగొట్టుకున్న గంటలు ఎవరి రికార్డులోకీ ఎక్కవు, అసలు నష్టమంతా అక్కడే జరుగుతుంది.

గైడ్‌లైన్స్‌లో చేయొద్దని చెప్పేవీ ఉన్నాయి. ఆక్సిజన్ మాస్క్ పెట్టలేదేంటని బంధువులు మా మీద అరుస్తుంటారు, వేలికి పెట్టిన క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ 96 శాతం చూపిస్తుంటే అది పెట్టినా ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు మీ డాక్టర్‌ని అడగాల్సింది ఇదీ: మిగతా రెండు బ్లాకుల సంగతి ఎప్పుడు చూస్తారు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుంది, ఎకోలో (గుండె స్కాన్) పంపింగ్ ఎలా ఉంది. జవాబులు డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి.